తీగలో వేగం వున్నా గాలిలో గండి
అపార్టుమెంట్ల వైఫైకి వంతుల పద్ధతే శరణ్యం

గుంటూరు: చదువుల కోసం, కొలువుల కోసం పల్లెలు విడిచి పట్నం చేరిన పిల్లలకు ఇప్పుడు కరెంటు, మంచినీరు తర్వాత కావలసింది వైఫై. ఆన్‌లైన్ పాఠాలు, ఉద్యోగాల ఇంటర్వ్యూలు, ఇంటి నుంచే చేసే ఆఫీసు పనులు దాని మీదే నడుస్తున్నాయి. కాగా, పక్కపక్కనే లేచిన అపార్టుమెంట్లలో రాత్రి అందరూ ఇళ్లు చేరే వేళకు నెట్ నత్తనడక నడుస్తున్నదని పలువురు వాపోతున్నారు.

నెట్ ఆగినప్పుడల్లా కంపెనీని తిట్టడం, ఆపైన ఎక్కువ వేగం ప్లానుకు మారడం రివాజయింది. ఆ అదనపు బిల్లు ఎన్నో ఇళ్లలో ఊళ్లో వున్న తండ్రి పంపే డబ్బులోంచే పోతున్నది. అయితే అనేక సందర్భాలలో లోపం కంపెనీ తీగలో లేదు. ఇంటి లోపలి గాలిలో వున్నది.

మూడే దారులు

రౌటరు అనే వైఫై పెట్టె రేడియో తరంగాలతో పనిచేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చునని కేంద్ర ప్రభుత్వం 2005 జనవరిలో ప్రకటించింది. లైసెన్సు అక్కరలేదంటే ఎవరికీ ప్రత్యేక హక్కు లేదని కూడా అర్థం. పక్కింటి సిగ్నలు అడ్డు తగిలిందని ఫిర్యాదు చేయడానికి వీలు లేదు.

ఈ తరంగాలలో 13 చానళ్లు వున్నట్లు కనిపిస్తుంది. ఒకదానిపై ఒకటి పడకుండా నడిచేవి మాత్రం 1, 6, 11 నంబర్లవే. అయిదు అంతస్తులు, అంతస్తుకు నాలుగు వాటాలు వున్న భవనంలో 20 రౌటర్లు వుంటే, ఒక్కో దారికి ఆరేడు చొప్పున పడతాయి. ఎదుటి భవనం సిగ్నళ్లు దీనికి అదనం.

ఇది కాలువ నీటి వ్యవహారం వంటిదే. ఒకే చానలు మీద వున్న రౌటర్లు ఒకదాని మాట మరొకటి విని, తమ వంతు వచ్చేదాకా ఆగుతాయి. వేగం తగ్గినా పని సాగుతుంది. 3, 4, 8 వంటి నడిమి చానళ్లలో పెట్టిన పెట్టె అలా కాదు. పక్కవారి మాట దానికి వట్టి రొదగా వినిపిస్తుంది. ఇద్దరూ ఒకేసారి అరచినట్లయి, పంపిందే మళ్లీ పంపవలసి వస్తుంది. వంతు తప్పి తూము తెరిచిన రైతు తన చేనుకూ పక్క చేనుకూ చేటు తెచ్చుకున్నట్లే. పెద్ద యాంటెన్నాలున్న ఖరీదైన పెట్టె కొన్నంత మాత్రాన ఈ రద్దీ తగ్గదు.

ముందు పరీక్ష, తర్వాతే ఖర్చు

రద్దీ వేళలో ల్యాప్‌టాప్‌ను రౌటరుకు తీగతో కలిపి వేగం కొలవాలి. తీగ మీద కూడా తక్కువే వస్తే కంపెనీని నిలదీయవలసిందే. తీగ మీద పూర్తి వేగం వచ్చి, ఫోనులో రాకపోతే ప్లాను పెంచడం దండుగ.

ఇందుకు మందు లేకపోలేదు. 5 గిగాహెర్ట్జ్ తరంగాలలో 605 మెగాహెర్ట్జ్ మేరకు కేంద్రం 2018 అక్టోబరులో లైసెన్సు మినహాయింపు ఇచ్చింది. అక్కడ దారులు చాలా ఎక్కువ. ఈ తరంగాలు గోడలు దాటడంలో బలహీనం. అపార్టుమెంటులో అదే మేలు, పక్కింటి సిగ్నలు చాలావరకు గోడ దగ్గరే నిలిచిపోతుంది. రెండు రకాల తరంగాలనూ ఇచ్చే డ్యుయల్ బ్యాండ్ రౌటరు ఇందుకు అవసరం.

పెట్టెను వాకిలి పక్క చెప్పుల స్టాండు మీదో, ఇనుప బీరువా వెనుకో కాక, ఇంటి నడుమ కాస్త ఎత్తున పెట్టాలి. కదలని టీవీకి, ఆఫీసు కంప్యూటరుకు తీగ వేస్తే గాలిలో అంత రద్దీ తగ్గుతుంది. దూరపు గదికి సిగ్నలు అందకపోతే రెండవ పెట్టెను కూడా తీగతోనే కలపడం మంచిది. తీగ లేకుండా పనిచేసే మామూలు రిపీటరు ప్రతి మాటనూ విని మళ్లీ చెప్పాలి గనుక వేగం సగానికి పడిపోతుంది.

పల్లె ఇళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ ఇరుగుపొరుగు రౌటర్లు తక్కువ గనుక, పెరటిదాకా పాకే 2.4 తరంగాలే ఎక్కువ ఉపయోగం.

సంఘాల బాధ్యత

లిఫ్టు మరమ్మతు, వాచ్‌మన్ జీతం గురించి సమావేశమయ్యే అపార్టుమెంటు సంఘాలు ఈ విషయం కూడా చర్చించవలసి వున్నది. ఏ వాటా ఏ చానలులో వున్నదో రాసుకుని, 1, 6, 11 నంబర్లను ఇరుగుపొరుగు వాటాలకు మార్చి మార్చి కేటాయించుకుంటే పైసా ఖర్చు లేదు. ఇందులో ఒక్కరు వినకపోయినా చుట్టుపక్కల వారికి ఇబ్బందే.

భవనాలలో నెట్, ఫోను సౌకర్యాన్ని బట్టి రేటింగు ఇచ్చేందుకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరులో నిబంధనలు జారీ చేసింది. వాటా కొనేవారు, అద్దెకు దిగేవారు గోడల్లో తీగలకు గొట్టాలు వున్నాయా అని ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. 6 గిగాహెర్ట్జ్ తరంగాలలో దిగువ 500 మెగాహెర్ట్జ్‌ను కూడా లైసెన్సు లేకుండా వదిలేందుకు కేంద్రం 2025 మేలో ముసాయిదా విడుదల చేసింది. అయితే ఆ తరంగాలను అందుకునే కొత్త రౌటరు, కొత్త ఫోను రెండూ వున్న వారికే ఆ ప్రయోజనం.

అందువల్ల ప్లాను పెంచాలి, డబ్బు పంపమని పట్నం నుంచి ఫోను వచ్చినప్పుడు, తీగతో కొలిచి చూశావా అని ఊళ్లోని పెద్దలు ముందుగా అడగవలసి వున్నది.