కొరియా పిల్లల మీద ఆ మాట చెల్లదు

‘కొరియా పిల్లలకు బట్టీ తప్ప ఆలోచన రాదు’ అని గత సంచిక వ్యాసం తేల్చేసింది. అది నిజం కాదు.

వివిధ దేశాల విద్యార్థులకు పెట్టే పీసా పరీక్షల్లో 2012లో, పాఠాల్లో లేని కొత్త చిక్కుల్ని విప్పే విభాగం ఒకటి పెట్టారు. సింగపూర్‌కు 562 పాయింట్లు, ఆ వెంటనే కొరియాకు 561. బట్టీతో అన్ని పాయింట్లు రావు. అక్కడ ట్యూషన్ల ఒత్తిడి ఘోరమే, కాదనలేం. అది గుర్తించబట్టే 2013లో కొన్ని మిడిల్ స్కూళ్లలో మొదలుపెట్టి, 2016 నాటికి దేశమంతటా ఒక సెమిస్టర్‌ పాటు రాతపరీక్షలు ఎత్తేశారు. ఆ నెలల్లో చర్చలు, ప్రాజెక్టులు, వృత్తుల పరిచయం. ప్రశ్నించడంలోనూ ఆ పిల్లలు వెనకబడలేదు: 2008లో అమెరికా గొడ్డు మాంసం దిగుమతిని నిలదీస్తూ సియోల్‌లో కొవ్వొత్తులతో ముందుగా వీధికెక్కినవారిలో స్కూలు ఆడపిల్లలు ఎందరో ఉన్నారు.

మరి మన సంగతి?

ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్లో, హాస్టల్ నుంచి ఔటింగ్‌కొచ్చిన ఇంటర్ కుర్రాడొకడు బస్సు కోసం నిలబడి కూడా మెటీరియల్ బిట్లు వల్లిస్తున్నాడు. థర్మోడైనమిక్స్ లెక్కలు నిమిషంలో చేస్తాడు. ఎదురుగా పొగ వదులుతున్న థర్మల్ కేంద్రంలో కరెంటు ఎలా పుడుతుందిరా అని తండ్రి అడిగితే, ‘‘అది పరీక్షలో రాదు నాన్నా’’ అన్నాడు.

ఇంటర్ విద్యార్థుల ఆత్మహత్యలపై నీరదారెడ్డి కమిటీ వేసి ఇరవై ఏళ్లు దాటింది. వారాంతపు పరీక్ష లేని ఒక్క నెలైనా మన రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉందా? వ్యాసకర్త ఆ ప్రశ్న ముందు బెజవాడలో అడగాలి.

– ఒక ఇంటర్ విద్యార్థి తండ్రి, ఇబ్రహీంపట్నం, ఎన్టీఆర్ జిల్లా