చిన్న గదిలో స్పీకర్లు

ఇంట్లోనే పాటలు రికార్డు చేయు యువకులు ఇప్పుడు మన సంఘములలో అనేకులు. దబీర్‌పురా సందులలో గోడకు గోడ ఆనిన ఇండ్లు, చిన్న గదులు. మొహర్రములో బీబీ కా అలావా నుండి ఊరేగింపు బయలుదేరు దినమున మైకు ఎలాగూ కట్టివేయవలసినదే. స్పీకర్ల సంగతి వేరు, అది ఏడాది పొడవునా ఉండునది.

మానిటర్ స్పీకర్లు పాటకు తీపి కలుపుటకు కాదు, ఉన్నది ఉన్నట్లు వినిపించుటకు. మూలకు నెట్టితే గోడలు బేస్ శబ్దమును పెంచును. ఎక్కువైనదనుకొని మనము తగ్గించెదము. తీరా పల్లెలో ఆ పాట పెడితే డోలకు పలచగా పలుకును! గనుక మూల విడువండి. రెంటికీ పక్కగోడలు సమదూరములో ఉండవలెను. స్పీకర్ల మధ్య 4 అడుగులుంటే, ఒక్కొక్కదాని నుండి మన తలకు కూడ 4 అడుగులే. ట్వీటరు చెవి ఎత్తున ఉండాలి. పక్కగోడలకు దళసరి బొంతలు వ్రేలాడదీస్తే ప్రతిధ్వని తగ్గును, బేస్ మాత్రము అంతగా తగ్గదు. కోడిగ్రుడ్ల అట్టలు అంటించుట వలన బొద్దింకలకే మేలని మా అభిప్రాయము.

పాడునప్పుడు స్పీకర్లు ఆపి హెడ్‌ఫోను పెట్టుకొనండి. ఖరీదైన జత కొరకు వడ్డీకి తేవద్దు, ఉన్నదానిని సరిగా నిలుపుటకు పైసా ఖర్చు లేదు. పాట పూర్తయిన పిదప సెల్‌ఫోనులో, గుడి మైకుసెట్టులో వినండి. వెనుక చాపమీది అవ్వకు చరణము తెలియుచున్నదా అని అడగండి.