మొదటి యాభై ఆటలు చూసి తీర్పు చెప్పవద్దు

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళిన ట్రంకుపెట్టెల్లో ఏటా ఒకటో రెండో మన హాస్టల్‌కు తిరిగి రావు. పెట్టె రాలేదంటే ఆ తమ్ముడు చదువు మానేశాడని అర్థం. ఇంటి దగ్గర ఇబ్బందులతో ఆగిపోయినవాళ్ళు కొందరు. సెలవులకు ముందు జరిగిన పరీక్షల్లో మార్కులు తక్కువ వచ్చి, "వీడికి చదువు రాదు" అని నలుగురిలో అనిపించుకుని ఆగిపోయినవాళ్ళు మరికొందరు. జూన్‌లో బడి తెరిస్తే దసరా నాటికి గడిచేది మూడు, నాలుగు నెలలే. ఆ కొద్ది నెలలు చూసి ఒక విద్యార్థి మీద తీర్పు చెప్పవచ్చునా? చెప్పకూడదని మా అభిప్రాయం. అందుకు మన గ్రౌండ్‌లో ఎవరూ ఆడని ఒక ఆటను సాక్ష్యంగా తెస్తున్నాం. అది బేస్‌బాల్.

క్రికెట్ తెలిసినవారికి బేస్‌బాల్ అర్థం కావడం కష్టం కాదు. అక్కడ బంతి విసిరేవాడిని పిచర్ అంటారు. మైదానంలో జట్టుకు తొమ్మిది మంది, ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్. మొదటి పిచర్ అలసిపోతే అతని స్థానంలో వచ్చేవాళ్ళు రిలీఫ్ పిచర్లు. మన కోచ్ చేసే పనిని అక్కడ మేనేజర్ చేస్తాడు. అసలు తేడా సీజన్ పొడవులో ఉంది. 2024 ఐపీఎల్ లీగ్ దశలో ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లే. అమెరికాలోని మేజర్ లీగ్‌లో ఒక జట్టు మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా దాదాపు రోజూ ఆడుతూ 162 ఆటలు పూర్తి చేస్తుంది. ఎంత గొప్ప జట్టైనా అందులో నలభై, యాభై ఆటలు ఓడక తప్పదు.

2019లో వాషింగ్టన్ నేషనల్స్ జట్టుకు ఏం జరిగిందో చూడండి. అంతకుముందే వాళ్ళ పేరున్న బ్యాటర్ బ్రైస్ హార్పర్ 13 ఏళ్ళ ఒప్పందం మీద ఫిలడెల్ఫియా జట్టుకు వెళ్ళిపోయాడు. సీజన్ మొదటి రెండు ఆటలూ నేషనల్స్ ఓడింది. మూడో ఆటను ట్రే టర్నర్ చివరి హోమ్ రన్‌తో గెలిపించాడు. రెండు రోజులకే, ఏప్రిల్ 2న, బంతి తగిలి అతని చూపుడువేలు విరిగింది. నెలన్నర పాటు ఆటకు దూరమయ్యాడు. తర్వాత ఆంథొనీ రెండన్, హువాన్ సోటో కూడా గాయాలతో కొన్నాళ్ళు కూర్చోవలసి వచ్చింది. రిలీఫ్ పిచర్ల సంగతి మరీ ఘోరం. గెలవవలసిన ఆటలను చివర్లో చేజార్చేవారు. మే నెలలో న్యూయార్క్ వెళ్ళి మెట్స్ జట్టు చేతిలో వరుసగా నాలుగు ఆటలు ఓడారు. అందులో చివరి రెండింటిలోనూ ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా వాళ్ళదే ఆధిక్యం!

మే 23 నాటికి లెక్క ఇది: 50 ఆటల్లో 19 గెలుపులు, 31 ఓటములు. మేనేజర్ డేవ్ మార్టినెజ్‌ను తీసేయమని అభిమానులు గోల పెట్టారు. యాజమాన్యం తీసేయలేదు. ఓటములకు కారణాలేమిటో చూసి వాటి సంగతి చూసుకుంది. పిచింగ్ కోచ్‌ను అప్పటికే మార్చారు. గాయపడినవాళ్ళు కోలుకుని వచ్చారు. జూలై చివర్లో కొత్త రిలీఫ్ పిచర్లను తెచ్చుకున్నారు. మార్టినెజ్ ఆటగాళ్ళకు చెప్పింది చిన్న మాట. నిన్నటిది మరచి ఈ రోజు ఆట ఒక్కటి గెలవండి, అంతే. జూన్‌లో ప్రాక్టీసు చేస్తుంటే బంతి తగిలి మాక్స్ షెర్జర్ ముక్కు విరిగింది. మర్నాడే అతను నల్లబడిన కంటితో వచ్చి ఏడు ఇన్నింగ్స్ బంతి విసిరి, ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు.

మిగిలిన 112 ఆటల్లో ఆ జట్టు 74 గెలిచింది. మొత్తం 93 గెలుపులతో నాకౌట్ దశకు చేరింది. అక్టోబరు 30న హ్యూస్టన్‌లో ఏడో ఆటను 6-2తో గెలిచి వరల్డ్ సిరీస్ విజేత అయింది. ఆ సిరీస్‌లో గెలిచిన నాలుగు ఆటలూ ప్రత్యర్థి మైదానంలోనే. చివరి వికెట్ లాంటి ఆఖరి అవుట్ తీసినవాడు డేనియల్ హడ్సన్. జూలైలో తెచ్చుకున్న రిలీఫ్ పిచర్ అతనే. మే నెలలో ఏది లోపమో, అక్టోబరులో అదే వాళ్ళను గెలిపించింది.

"ఎక్కడో ఒక జట్టు గెలిచిందని అందరూ గెలుస్తారా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అందరూ గెలవరు. 1988లో బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టు మొదటి 21 ఆటలూ వరుసగా ఓడింది. ఆరు ఓటములకే మేనేజర్‌ను మార్చారు. కొత్తగా ఫ్రాంక్ రాబిన్సన్ వచ్చాక మరో 15 ఓడారు. ఆ ఏడాది మొత్తం 107 ఓటములు. మనిషిని మార్చినంత మాత్రాన ఓటమి ఆగదని దీనివల్ల తెలుస్తోంది. అయితే రాబిన్సన్‌ను కొనసాగించారు. 1989లో అదే జట్టు 87 ఆటలు గెలిచి తన డివిజన్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఒక ఏడాది పోయినా మరో ఏడాది ఉందన్నమాట.

ఆరంభంలో గెలిచినవాళ్ళ సంగతీ చెప్పాలి. 1987లో మిల్వాకీ బ్రూవర్స్ మొదటి 13 ఆటలూ గెలిచింది. మే నెలలో వరుసగా 12 ఓడింది. చివరికి నాకౌట్ దశకే చేరలేదు. 2023లో టాంపా బే రేస్ కూడా 13 విజయాలతో మొదలుపెట్టి, నాకౌట్ మొదటి మెట్టులోనే ఇంటికి వెళ్ళింది. కాబట్టి మొదటి పరీక్షలో ఫస్టు వచ్చిన మిత్రులు కూడా కాలర్ ఎగరేయనక్కరలేదు!

ఇప్పుడు మన సంగతి. నేషనల్స్ ఆడిన 50 ఆటలు సీజన్‌లో మూడో వంతు కూడా కావు. జూన్ నుంచి దసరా దాకా మన చదువు కూడా ఇంచుమించు అంతే. మాలో ఒకరికి ఈ హాస్టల్‌లో చేరిన ఏడాది లెక్కల్లో 50కి 9 మార్కులు వచ్చాయి. మొద్దు అన్నారు, వెనక బెంచీలో కూర్చోబెట్టారు. వైద్య శిబిరంలో కళ్ళు పరీక్షించాకగానీ వాడికి బోర్డు కనిపించడం లేదని తెలియలేదు. కళ్ళజోడు వచ్చింది, ముందు బెంచీ వచ్చింది, మార్కులూ వచ్చాయి. టర్నర్ వేలు విరిగిన సంగతి అందరికీ కనిపించింది. మనవాడి కన్ను సంగతి ఎవరూ అడగలేదు. అంతే తేడా. కొందరికి కన్ను, కొందరికి ఇంగ్లీషు, కొందరికి ఇంటి మీద బెంగ. కారణం లేకుండా ఎవరూ వెనకబడరు.

అందుకే పెద్దలకు మా మనవి. మొదటి మార్కులను జబ్బు తెలిపే పరీక్షలాగా చూడండి. అందరి ముందు చదివి వినిపించే బదులు పిల్లవాడిని పక్కకు పిలిచి "ఎందుకు తగ్గాయి నాన్నా?" అని అడగండి. సీనియర్లమైన మనం కూడా ఊరికే ఉండకూడదు. స్టడీ అవర్‌లో ఒక్కొక్కరం ఒక్కో తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుందాం. దసరా తర్వాత ఏ పెట్టె రాలేదో చూసి, వార్డెన్ సార్‌కు చెప్పి ఆ ఇంటికి ఫోన్ చేయిద్దాం.

తమ్ముళ్ళూ, మీకు మా మాట ఒక్కటే. మార్కులు తక్కువ వస్తే ఏడవండి, తప్పులేదు. కానీ పెట్టె మాత్రం ఇంటి దగ్గర వదిలేసి రాకండి. ఇంకా 112 ఆటలున్నాయి.