పసిపిల్లలకు ఏ తీరం?

అండమాన్ ప్రయాణానికి సిద్ధమయ్యే తెలిసినవాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలున్నవాళ్ళు, నన్నడిగే ప్రశ్న దాదాపు ఒకటే: “పిల్లలకు భయం లేని బీచి ఏది?” ఒక పేరు చెప్పి ఊరుకుంటే వాళ్ళకూ సంతోషమే, నాకూ సుఖమే. కాని నేను చెప్పలేను. నా దృష్టిలో ప్రశాంతమైన బీచి అన్నది ఒక చోటి పేరు కాదు. ఒక దిక్కు, ఒక నెల, ఒక పూట, ఈ మూడూ కలిసివస్తే ఏర్పడే స్థితి అది. మూడింటిలో ఏ ఒక్కటి మారినా, నిన్న చెరువులా ఉన్న నీరే ఇవాళ సముద్రమని గుర్తుచేస్తుంది.

కోస్తావాళ్ళకు సముద్రం కొత్త కాదు. అయితే మనకు తెలిసిన సముద్రం వేరు. మన తీరంలో చాలా భాగం నేరుగా బంగాళాఖాతానికి ఎదురుగా ఉంటుంది. మధ్యలో అడ్డుపడే దిబ్బా లేదు, దీవీ లేదు. విశాఖలో చూడండి, కెరటం ఒడ్డుదాకా వచ్చి విరుగుతుంది. అలా వచ్చిన నీరు కొన్నిచోట్ల ఒకే పాయగా కూడి వెనక్కు లాగుతుంది. ఈత వచ్చిన యువకులను సైతం లోపలికి ఈడ్చుకుపోయేది ఆ పాయే. ఆ భయంతోనే మన పెద్దలు పిల్లల చెయ్యి పట్టుకొని సముద్రానికి దూరంనుంచే దండం పెట్టించేవారు. దీవులకు వెళ్ళగానే ఆ భయం కాస్తా ఎగిరిపోతుంది. నీరు అద్దంలా ఉంటుంది, అడుగున ఇసుక రేణువులు కనిపిస్తాయి. భయం పోవడం మంచిదే. కాని అది ఖాళీ చేసిన చోట ఎరుక వచ్చి కూర్చోవాలి కదా!

ఆ ఎరుకకు బదులు మనం ఆశ్రయించేది జాబితాలను. హేవ్‌లాక్ దీవిలోని (2018 నుంచి దీని అధికార నామం స్వరాజ్ ద్వీప్) రాధానగర్ బీచిని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా ఉత్తమమైనదిగా ఎంచింది. 2020లో మన దేశంలో 8 బీచిలకు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు అందులో రాధానగరూ ఉంది, మన రుషికొండా ఉంది. ఆ జెండాను నీటి శుభ్రత, పర్యావరణ నిర్వహణ, సౌకర్యాలు, రక్షణ ఏర్పాట్లు చూసి ఇస్తారు. అవన్నీ కావలసినవే, కాదనను. అయితే అలల ఎత్తును చూసి ఇచ్చే జెండా కాదది. రుషికొండ అలలు తెప్పపలకల మీద స్వారీ చేసే కుర్రవాళ్ళకు ఉత్సాహం. మూడేళ్ళ బిడ్డకు అవే గోడలు. ఒకే జెండా ఎగిరినంత మాత్రాన రెండు సముద్రాలు ఒకటైపోవు.

మొదట దిక్కు, నెల. ఈ రెంటినీ విడదీయలేం. రాధానగర్ పడమటి తీరాన ఉంది. శీతాకాలం వెళ్ళి వేసవి వచ్చే నెలల్లో అక్కడి నీరు సాధారణంగా సాధువు. నైరుతి ఋతుపవనాలు మొదలయ్యాక, అంటే మే చివరినుంచి సెప్టెంబరుదాకా, గాలీ కెరటమూ నేరుగా దాని ముఖాన్నే కొడతాయి. ఫోటోల్లో చూసిన బీచి అదే, నీరు మాత్రం అది కాదు. ఆ రోజుల్లో అదే దీవి తూర్పు వైపున ఉన్న విజయనగర్ తీరం గాలి చాటున కొంత నెమ్మదిగా ఉంటుంది. ఈశాన్య ఋతుపవనాల కాలంలో ఈ లెక్క తిరగబడవచ్చు. దీవికి ఉన్న గొప్ప సుగుణం ఇదే: ఒక తీరం కసురుకుంటే చాటునిచ్చే తీరం ఇంకోవైపున తరచు దొరుకుతుంది. ముందే డబ్బు కట్టిన బస పడమట ఉందని పిల్లల్ని పడమటి అలల్లోకే దింపేవాళ్ళు ఈ సుగుణాన్ని వదులుకుంటున్నట్టే.

దిక్కు తరువాత దిబ్బను చూడాలి. లక్షదీవుల్లో చాలావరకు జనావాస దీవులు పగడపు వలయానికి తూర్పు అంచున ఉంటాయి. వాటి పడమటి వైపున లోతు తక్కువైన మడుగు, మడుగుకు ఆవల పగడపు దిబ్బ. అరేబియా సముద్రపు కెరటాలు ఆ దిబ్బ మీదే విరిగిపోతాయి. కనుక పడమటి తీరమంటే అండమానులో వర్షాకాలాన వద్దనవలసింది, లక్షదీవుల్లో తరచు మొదట చూడవలసింది అదే! అక్కడ తూర్పున దిబ్బ ఒడ్డుకు దగ్గరగా ఉండి, తీరం బయటి సముద్రానికి తెరుచుకొని ఉంటుంది. మడుగు నీరు బయటికి పోయే గండ్ల దగ్గర మాత్రం ప్రవాహం బలంగా ఉంటుంది. ఆ చాయలకు పిల్లల్ని పోనీయకూడదు. అండమానులో ఇటువంటి ఆచ్ఛాదన కోరేవాళ్ళు నీల్ దీవిలోని (ఇప్పటి షహీద్ ద్వీప్) భరత్‌పూర్ తీరాన్ని చూడవచ్చు. నీటి లోతు తక్కువ, అడుగున మెత్తని ఇసుక, ముందు పగడాలు. అయితే వినోదపు మరపడవల సందడి కూడా అక్కడే. అల లేదని సంబరపడి పడవను మరిచిపోరాదు.

ఇక మూడోది, పూట. పగలూ రాత్రీ కలిపి సముద్రం సుమారుగా రెండుసార్లు పొంగి రెండుసార్లు తగ్గుతుంది. ఆ వేళలు రోజుకు ముప్పావుగంట పైగా వెనక్కు జరుగుతాయి. నిన్న పదింటికి పిల్లవాడు నడుములోతున ఆడిన చోట నాలుగు రోజులు పోయాక అదే పదింటికి పగడపు రాళ్ళు బయటపడి ఉండవచ్చు. పాదం కోసుకుపోతుంది, పగడమూ చచ్చిపోతుంది. ఈ విషయంలో మన పంచాంగం ఎంత ఉపకారో ఎవరూ తలుచుకోరు! పున్నమి, అమావాస్యల చుట్టుపక్కల పోటు మరీ ఎక్కువ, ఆటు మరీ తక్కువ. అష్టమి ప్రాంతాల తేడా కొంచెమే. పసివాళ్ళతో వెళ్ళేవాళ్ళు సెలవులతో పాటు తిథి కూడా చూసుకుంటే నేను నవ్వను, మెచ్చుకుంటాను. వేళలు తెలుసుకోవడానికి భాష అడ్డం కాదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల ప్రజల్లో సుమారు 13 శాతం మంది తమ మాతృభాష తెలుగనే చెప్పుకున్నారు. రేవు దగ్గర తెలుగు మాట్లాడే బెస్తవారు తారసపడతారు. పోటు ఎప్పుడని అడిగితే చెబుతారు. అన్నట్టు, అక్కడ పొద్దు త్వరగా వాలుతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటితే వెలుతురు పోతున్నట్టే.

నీరు నెమ్మదిగా ఉన్న ప్రతిచోటూ పిల్లలది కాదని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. అండమానులో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. మడ అడవులు, ఉప్పుటేళ్ళు వాటి నెలవులు. 2010లో హేవ్‌లాక్‌లో, రాధానగర్‌కు దగ్గరలోని ఒక నిశ్చలమైన మూలలో, నీటిలో మునిగి పగడాలు చూస్తున్న ఒక విదేశీ యాత్రికురాలు మొసలికి బలైంది. అందువల్ల ఏరు వచ్చి కలిసే మూలను, మడచెట్ల నీడను ఎంత అందంగా ఉన్నా వదిలేయాలి. హెచ్చరిక బోర్డు ఉన్నచోట వాదనకు దిగరాదు. రక్షకులు హద్దులు గీసిన చోటే స్నానం.

నా సొంత కొలత ఒకటి చెబుతాను. పిల్లల కంటే ముందు పెద్దవాళ్ళొకరు నీటిలో దిగి నేరుగా ముప్పై అడుగులు నడవాలి. అప్పటికీ మోకాలు దాటకపోతే, కాలికింద ఇసుక జారకపోతే, నీరు పక్కకు లాగకపోతే, ఆ పూటకు ఆ తీరం పిల్లలది. మన మోకాలు మూడేళ్ళవాడి నడుమని గుర్తుంచుకుంటే చాలు.

ఇంత లెక్కా పత్రమూ ఎందుకు, పిల్లలకు అలలంటే పిరికితనం నూరిపోయడం కాదా అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో కొంత న్యాయముంది. సముద్రాన్ని చూడకుండా పెరగడం నష్టమే. అయితే సముద్రంతో మొదటి పరిచయం ముక్కులోకి ఉప్పునీరు పోయిన భయమైతే, ఆ బిడ్డ మళ్ళీ నీటి దరికి రావడానికి ఏళ్ళు పట్టవచ్చు. నెమ్మదైన నీటిలో మొదలుపెట్టించడం పిరికితనం కాదు, అక్షరాభ్యాసం.

అసలు ప్రమాదం అలల్లోనే ఉందనుకోవడమే పొరపాటు. అల ఉన్నచోట తల్లిదండ్రులు కన్ను తిప్పరు. నీరు నిశ్చలంగా ఉన్నచోటే గొడుగు కింద కూర్చుని ఫోను తీస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2021లో లోకమంతటా నీటమునిగి చనిపోయినవారు సుమారు 3 లక్షల మంది. అందులో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళలోపు పసివాళ్ళే. వాళ్ళందరూ సముద్రంలో పోయినవాళ్ళు కారు. నీటితొట్టెలు, కుంటలు, కాలువలు, అల అన్నదే లేని నీళ్ళూ ఉన్నాయి అందులో. మునిగే పసివాడు సినిమాలోలాగ చేతులూపి కేకలు వెయ్యడు. చప్పుడు చెయ్యకుండా దిగిపోతాడు. ఒకసారి నీల్ దీవిలో ఒక కుటుంబాన్ని చూశాను. తల్లి, తండ్రి, పిన్ని వంతులు వేసుకున్నారు. వంతు ఉన్నవాళ్ళు చెయ్యి చాస్తే బిడ్డ అందేంత దూరంలో నీళ్ళలోనే కూర్చున్నారు. వంతు మారేటప్పుడు “ఇక నువ్వు చూడు” అని పైకి చెప్పుకున్నారు. ఆ రోజు సముద్రం పూర్తిగా నిద్రపోతోంది. అయినా వాళ్ళు వంతు తప్పలేదు.

కనుక నన్నడిగేవాళ్ళకు బీచి పేరు చెప్పే ముందు నేను రెండు ప్రశ్నలు వేస్తున్నాను: ఏ నెలలో వెళ్తున్నారు, నీటిలో బిడ్డ పక్కన ఎవరుంటారు? రెండో ప్రశ్నకు ఒక మనిషి పేరు వినిపిస్తే గాని మొదటి ప్రశ్న జోలికి పోను.