దీవి మనది, పరిశోధన ఎవరిది?

శ్రీహరికోట అనగానే మనలో ఎవరికైనా రాకెట్టే గుర్తుకొస్తుంది. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అక్కడి నుంచి ఎగిరిందనీ, 2023 జూలై 14న చంద్రయాన్-3 అక్కడి నుంచే బయలుదేరిందనీ పోటీ పరీక్షల కోసం బట్టీ పట్టి గడగడా చెప్పేస్తాం. కానీ శ్రీహరికోట ఒక దీవి అనీ, ఆ దీవిలో అరుదైన అడవి ఉందనీ, ఆ అడవిని నమ్ముకుని యానాదులు తరతరాలుగా బతికారనీ మనలో ఎంతమందికి తెలుసు? 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేటతో పాటు శ్రీహరికోట కూడా నెల్లూరు జిల్లా నుంచి మన తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అంటే ఈ దీవి మన జిల్లాది. దాని గురించి మనం ఆలోచించాలా వద్దా?

పడమర పులికాట్ సరస్సు, తూర్పున బంగాళాఖాతం, నడుమ శ్రీహరికోట. ఇక్కడ ఉన్నది ఎండకు తట్టుకుని ఏడాది పొడవునా పచ్చగా ఉండే పొట్టి చెట్ల అడవి. ఇలాంటి అడవి ఒకప్పుడు కోరమాండల్ తీరంలో విస్తారంగా ఉండేది. ఇప్పుడు చాలాచోట్ల చిన్న చిన్న తునకలుగా మిగిలింది. పెద్దగా మిగిలిన కొద్ది చోట్లలో శ్రీహరికోట ఒకటి. దీని ఒడ్డున ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పక్కనున్న పులికాట్‌కు శీతాకాలంలో ఫ్లెమింగోలు వస్తాయి.

శాస్త్రజ్ఞులకు దీవులంటే ఎందుకంత ఆసక్తి? దీవిలో చోటు తక్కువ. బయటి నుంచి కొత్త జీవులు రావడం కష్టం, ఉన్నవి పోతే తిరిగి రావడం ఇంకా కష్టం. అందుకే అక్కడ చిన్న మార్పు జరిగినా దాని ఫలితం త్వరగా కనబడుతుంది. 1967లో మకార్థర్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీవి ఎంత పెద్దది, తీరానికి ఎంత దూరం అన్న రెండు విషయాలను బట్టి అక్కడ ఎన్ని జాతులు నిలుస్తాయో చెప్పే సిద్ధాంతం రాశారు. అండమాన్‌లోని ఇంటర్వ్యూ దీవిలో ఒక కలప కంపెనీ 1962లో మూతపడి తన ఏనుగులను వదిలేసి పోయింది. అవి అడవి ఏనుగులైపోయి ఆ దీవిలోని చెట్లను దెబ్బతీశాయి.

అటువంటి కథే మన శ్రీహరికోటలోనూ జరిగింది. 1969లో ఈ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశాక చాలా కుటుంబాలను బయటికి తరలించారు. వాళ్ళ పశువులు కొన్ని అక్కడే మిగిలి, తరాలు గడిచేకొద్దీ అడవి పశువులయ్యాయి. అవి సర్కారు తుమ్మ కాయలు తిని, పేడతో పాటు గింజలను దీవి అంతా చల్లాయి. మన పొలాల గట్లను ఆక్రమించే కంపచెట్టు ఆ అడవిలోనూ పాకింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఈ విషయాన్ని అధ్యయనం చేసి రాశారు.

ఇక యానాదుల సంగతి. 1835లో మద్రాసుకు వంటచెరకు కావాలని కంపెనీ ప్రభుత్వం ఈ దీవిని చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అదే సంవత్సరం డార్విన్ గాలపగోస్ దీవుల్లో అడుగుపెట్టాడు. ఆ దీవుల పేరు ప్రపంచమంతా మోగింది. మన దీవి మాత్రం కట్టెల లెక్కల్లో ఉండిపోయింది. దుంపలు, తేనె, మూలికలు సేకరించి బతికిన యానాదులు ఆ అడవిని అణువణువూ ఎరిగినవాళ్ళు. రాకెట్ కేంద్రం వచ్చి గేట్లు పడబట్టే అడవి ఇంతవరకైనా మిగిలిందన్నది నిజం. ఆ గేట్ల బయట పడినవాళ్ళు నిరుపేదలన్నదీ నిజమే. ఈ రెండు నిజాలనూ కలిపి చూసే పరిశోధన రావాలంటే, ఆ రెండో నిజం తెలిసిన ఇళ్ళ పిల్లలు పరిశోధకులు కావాలి. నేను చెప్పదలచుకున్న మాట ఇదే.

స్థానికుల జ్ఞానం తక్కువది కాదు. తాబేలును చూసి అది ఏ దీవిదో చెప్పగలనని గాలపగోస్‌లో ఉంటున్న లాసన్ అనే అధికారి చెప్పాకే ఆ తేడా డార్విన్ దృష్టికి వచ్చింది. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికిందంటే, దాన్ని గుర్తుపట్టింది స్థానిక వేటగాళ్ళే. మన నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులను ఊరివాళ్ళు ఎప్పటినుంచో కాపాడుతున్నారు. పిట్టల రెట్ట కలిసిన నీళ్ళు పైరుకు బలమని వాళ్ళకు తెలుసు. అయితే ఇలాంటి జ్ఞానం ఉన్నవాళ్ళు పరిశోధన పత్రాల్లో ఎక్కడుంటారు? బాగా జరిగితే చివర్లో కృతజ్ఞతల వరుసలో ఉంటారు. రచయితల వరుసలో మనవాళ్ళు ఎందుకు ఉండకూడదు?

మా అవ్వ సంతకం పెట్టలేదు. కానీ ఏ ఆకు ఏ నొప్పికో, ఏ పిట్ట కూస్తే వాన దగ్గర పడిందో చెబుతుంది. మనం హాస్టల్‌కు వచ్చాక అవన్నీ పల్లెటూరి మాటలని దాచుకుంటాం. దాచుకోవద్దు, రాసుకోండి. అలాగని అవ్వ చెప్పిందల్లా శాస్త్రమైపోదు. లెక్కపెట్టాలి, పోల్చాలి, తప్పని తేలితే ఒప్పుకోవాలి. అదే చదువు మనకు నేర్పవలసింది.

"ముందు ఉద్యోగం, తర్వాతే పిట్టలూ చెట్లూ" అని మీరంటారు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. నెల జీతం కోసం ఇంటివాళ్ళు ఎలా ఎదురుచూస్తారో నాకు తెలుసు. డీఎస్సీ, గ్రూప్స్ రాయొద్దని నేను చెప్పను. కానీ దారి అదొక్కటే కాదు. ఎస్సీ, ఎస్టీ పరిశోధక విద్యార్థులకు 2005-06లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలైన జాతీయ ఫెలోషిప్‌లు ఉన్నాయి. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలోనూ, బెంగళూరు ఎన్.సి.బి.ఎస్.లోనూ వన్యప్రాణి శాస్త్రంలో ఎం.ఎస్సీ. ఉంది. 2015లో మొదలైన మన తిరుపతి ఐసర్‌లో పశ్చిమ కనుమల శిఖరాలను 'ఆకాశ దీవులు'గా చూసి, అక్కడి పక్షుల మీద పరిశోధన చేస్తున్నారు. దీవుల శాస్త్రం మన ఊరి పొలిమేరల్లోనే ఉంది.

తమ్ముళ్ళూ! ఈ వార్షికోత్సవం నాడు మన హాస్టల్‌కు నాదొక మనవి. ఒక పెద్ద నోటుపుస్తకం పెట్టండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్కొక్కరూ పది చెట్ల పేర్లు, పది పిట్టల పేర్లు పెద్దల నోటి నుంచి విని, చెప్పినవారి పేరుతో సహా అందులో రాయండి. యానాది తమ్ముళ్ళు తమ తాతలు చెప్పిన దీవి సంగతులు రాయాలి. ఏడాదికొకసారి వార్డెన్ గారిని అడిగి నేలపట్టుకు పోయి రండి. శ్రీహరికోటలో అనుమతి లేకుండా అడుగు పెట్టలేం. ఆ అనుమతి పత్రం మీద పరిశోధకుడి పేరు రాసే చోట మన హాస్టల్ విద్యార్థి పేరు ఒక్కటైనా చూడాలని నా కోరిక.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం, తిరుపతి