రేంజ్ రోవర్ శ్రేణి: మెట్టుమెట్టుకూ ధర, ధర వెనుక పన్ను

రాయపూర్‌లో 2025 జనవరి 15 నుండి నెల రోజుల పాటు జరిగిన ఆటో ఎక్స్‌పోలో వాహనాలు కొన్నవారికి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం జీవితకాల రోడ్డు పన్నులో సగం మినహాయించింది. స్కూటరు కొన్న గుమాస్తాకూ, కోటి రూపాయల కారు కొన్న మిల్లు యజమానికీ రాయితీ శాతం ఒక్కటే. అయితే మొదటివానికి మిగిలేది వేలల్లోనైతే, రెండవవానికి మిగిలేది లక్షల్లో. విలాస కార్ల మంచిచెడ్డలు బేరీజు వేసేవారు ఇంజను కన్నా ముందు పన్నుల సంగతి చూడక తప్పదనడానికి ఇదొక నిదర్శనం.

2000 నవంబరు 1న కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన తరువాత రాయపూర్ రూపురేఖలు మారిపోయాయి. ఉర్లా, సిల్తరా ప్రాంతాల స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, రోలింగ్ మిల్లులు, బియ్యం మిల్లులు, కాంట్రాక్టు పనులు అక్కడ కొత్త సంపన్న వర్గాన్ని సృష్టించాయి. ఆడి, బిఎండబ్ల్యూ, మెర్సిడెస్ వంటి జర్మన్ కంపెనీల విక్రయశాలలు ఈ వర్గాన్ని ఉద్దేశించి వెలసినవే. మిల్లుకూ, పని స్థలానికీ, పెళ్ళికీ ఒకే బండిలో వెళ్ళాలనుకునే ఈ కొనుగోలుదారు సెడాన్ కన్నా ఎత్తయిన ఎస్‌యూవీ వైపే మొగ్గు చూపడంలో వింత లేదు.

ఈ తరగతిలోని పాత పేర్లలో రేంజ్ రోవర్ ఒకటి. 1970లో ఒకే నమూనాగా మొదలైన ఈ పేరు కింద నేడు ఇవోక్, వెలార్, స్పోర్ట్, రేంజ్ రోవర్ అనే నాలుగు మెట్లున్నాయి. 2024 మే నాటి షోరూమ్ ధరలు వరుసగా రూ. 67.90 లక్షలు, రూ. 87.90 లక్షలు, రూ. 1.40 కోట్లు, రూ. 2.36 కోట్ల నుండి మొదలయ్యేవి.

పేరు ఒకటే అయినా నాలుగూ ఒక జాతివి కావు. ఇవోక్ పొడవు సుమారు 4.4 మీటర్లు. చిన్న కార్లలో మాదిరిగా ఇంజను అడ్డంగా అమర్చిన బండి అది. దాదాపు 4.8 మీటర్ల వెలార్‌లో ఇంజను నిలువుగా ఉన్నప్పటికీ ఇక్కడ అమ్మే రకాలలో దాని సామర్థ్యం ఇవోక్‌లో ఉన్నంతే, రెండు లీటర్లు. అదనంగా చెల్లించే రూ. 20 లక్షలకు ముఖ్యంగా దక్కేది చోటు, సొగసు. ఇక స్పోర్ట్, రేంజ్ రోవర్ రెండింటికీ పునాది చట్రం ఒకటే. మూడు లీటర్ల ఇంజనూ రెండింటిలో ఉంది. వాటి మధ్య గల సుమారు కోటి రూపాయల అంతరంలో ఎక్కువ భాగం వెనుక సీటుకే చెల్లుతుంది. స్వయంగా నడుపుకునేవారికి స్పోర్ట్ చాలు. డ్రైవరును పెట్టుకుని వెనుక కూర్చునేవారికే అయిదు మీటర్లు దాటిన ఆ పెద్ద బండి.

ఈ ధరలు ఇంజనీర్లు మాత్రమే నిర్ణయించినవి కావు. జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను టాటా మోటార్స్ 2008లో ఫోర్డ్ నుండి 230 కోట్ల డాలర్లకు కొన్నది. యజమాని భారతీయుడైనా పెద్ద రేంజ్ రోవర్ మాత్రం ఓడలోనే రావలసివచ్చింది. పుణెలో ఇవోక్ కూర్పు 2015లో, వెలార్ కూర్పు 2019లో మొదలు కాగా, స్పోర్ట్‌కూ పెద్ద రేంజ్ రోవర్‌కూ 2024 వరకు ఆ అవకాశం రాలేదు. ఇంగ్లండ్‌లోని సోలిహల్ దాటి అవి తయారు కావడం అదే మొదటిసారి. దానితో ధర 18 నుండి 22 శాతం వరకు తగ్గుతుందని కంపెనీ ప్రకటించింది. పూర్తి బండిగా దిగుమతి అయితే పడే సుంకంలో, విడిభాగాల పెట్టెలుగా వస్తే పడేది చిన్న వంతు మాత్రమే.

2025 బడ్జెట్‌లో 40 వేల డాలర్లు దాటిన కార్లపై మూల సుంకాన్ని 100 నుండి 70 శాతానికి తగ్గించినట్లు ప్రకటన వెలువడింది. దానిపై 40 శాతం వ్యవసాయ సెస్సు చేర్చడంతో మొత్తం భారం ఎప్పటిలాగే 110 శాతం దగ్గర నిలిచింది! నిజమైన ఊరట జీఎస్‌టీలో వచ్చింది. పెద్ద ఎస్‌యూవీలపై సెస్సుతో కలిపి 50 శాతంగా ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 40 శాతం అయింది. ఫలితంగా ఇవోక్‌పై రూ. 4.6 లక్షలు, పెద్ద రేంజ్ రోవర్‌పై గరిష్ఠంగా రూ. 30.4 లక్షలు తగ్గాయి. అదే రోజు నుండి మధ్య తరగతి కొనే చిన్న పెట్రోలు కారుపై పన్ను 18 శాతం. కోటి దాటిన విద్యుత్ ఎస్‌యూవీపై మాత్రం 5 శాతమే. కాలుష్య నివారణ కారణం సమంజసమే అయినా, ధరకు ఏ పరిమితీ లేకుండా ఇచ్చిన ఈ రాయితీకి సమర్థన కష్టం.

2025 జూలై 24న సంతకాలు జరిగిన బ్రిటన్ ఒప్పందం ప్రకారం అక్కడి కార్లపై సుంకం నిర్ణీత సంఖ్య మేరకు దశలవారీగా 10 శాతానికి దిగుతుంది. సోలిహల్ నుండి పూర్తిగా తయారై వచ్చే ఖరీదైన రకాలకు ఇది మేలు. అదే కంపెనీ డిఫెండర్ తయారయ్యేది స్లొవేకియాలోని నిత్రలో కాబట్టి ఆ ఒప్పందం దానికి వర్తించదు.

ఈ తగ్గింపుల దెబ్బ తగిలేది పాత కొనుగోలుదారులకు. 2024 మేకు ముందు దిగుమతి బండి కొన్న రాయపూర్ వ్యాపారి నేడు దానిని అమ్మజూపితే, బేరం అతడు చెల్లించిన ధర దగ్గర కాదు, పుణె బండి ధర దగ్గర మొదలవుతుంది.