మంచులో డ్రోన్లు – జనం నెత్తిన వద్దు

ముక్కోటి ఏకాదశి తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనానికి చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల నుంచి కూడా జనం భద్రాచలం వస్తారు. ఆ వేడుకను పైనుంచి తీసేందుకు డ్రోన్ కెమెరాలు ఎగరేస్తున్నారు. మనది హిమాలయాల చలి కాదు, నిజమే. కాని రాత్రంతా ఆరుబయట ఉంచిన లిథియం బ్యాటరీ చల్లబడితే అందులో రసాయన చర్య మందగిస్తుంది. చార్జి ఉన్నట్టే చూపించి ఉన్నట్టుండి శక్తి పడిపోవచ్చు. పైగా గోదావరి మంచు తేమ ఒకటి. 2021 డ్రోన్ నిబంధనలు మామూలుగా అనుమతించే ఎత్తు 400 అడుగులు. అక్కడినుంచి కిలో బరువు పడితే తల దక్కుతుందా? బ్యాటరీని వెచ్చగా ఉంచి, మూడోవంతు చార్జి మిగిలుండగానే దించాలి. జనం మీదుగా కాక నది వైపు నుంచే చిత్రీకరించాలి. ఎగరేసేవారిని పోలీసులు, దేవస్థానం అధికారులు తెప్పోత్సవం నాడే పిలిచి ఈ మాట గట్టిగా చెప్పాలి.